గెలిచిన తప్పు

టొమెకిచి పేరులోని 'టొమె'కి జపాను భాషలో ఆగమని అర్థం. వాళ్ళమ్మకి అతను ఆరో కాన్పు. ఇక చాలు, ఇక్కడితో ఆగుదాం అనుకుని తండ్రి ఆ పేరు పెట్టి, కొండ దిగి వెళ్ళి, ఆఫీసులో రాయించి వచ్చాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు పుట్టారు. వాళ్ళకి మామూలు పేర్లే పెట్టారు.

ఊళ్ళో ముప్ఫై నాలుగు గడపలుంటే అందులో ఇరవై తొమ్మిది ఇగరాషీ వాళ్ళవే. కాబట్టి ఆ పేరు ఉత్తరాల మీద రాయడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఇళ్ళకి వేరే పేర్లున్నాయి. టొమెకిచిది వాగిల్లు. దాని పక్కన ఇప్పుడు వాగు లేదు. తాతల నాడు కొండచరియ విరిగిపడితే అది దారి మార్చుకుని పోయింది. లోయ అవతల టొకుజిది కమ్మరిల్లు. ఆ ఇంట్లో మనిషి సమ్మెట పట్టి నూరేళ్ళు దాటింది. అయినా ఆ పేర్లు మనుషులనీ పొలాలనీ పశువులనీ పట్టుకుని వదల్లేదు. ఏ ఇంటి ఎద్దుకి ఆ ఇంటి పేరే. వాగింటి కొట్టంలో ఉన్న ఎద్దు వాగు. అది చచ్చి ఇంకొకటి వస్తే అదీ వాగే.

నవంబరు చివర మంచు మొదలైతే ఏప్రిల్ దాకా నేల కనబడదు. జనవరిలో కింది తలుపు మంచులో కూరుకుపోతే మేడమీది కిటికీలోంచి ఇంట్లోకి రావాలి. అందుకే పశువుల కొట్టం ఇంట్లోనే ఉంటుంది, వంటింటికి ఒక్క చెక్కగోడ అవతల. ఆవులు నెమరు వేసే చప్పుడు లేకపోతే టొమెకిచికి నిద్ర పట్టదు. ఆ సంగతి అతనికి ఇరవై ఏళ్ళప్పుడు తెలిసింది. అందరిలాగే చలికాలం కూలికి టోక్యో వెళ్ళి సొరంగం తవ్వే పనిలో చేరాడు. రెండు నెలలు కళ్ళు తెరుచుకుని పడుకుని, కాలికి దెబ్బ తగిలిందని వెనక్కి వచ్చేశాడు. దెబ్బ నిజమే. ఇంటికి రావలసినంత పెద్దది మాత్రం కాదు.

అప్పటి నుంచి పశువులే. తెల్లవారుతూనే కొడవలి పట్టుకుని గట్ల వెంట పోయి, గంజి తాగే వేళకి వీపు మీద గడ్డిమోపుతో రావడం. గడ్డి, తవుడు, చలికాలం ఉడకబెట్టిన సోయా గింజలు. రెండు తల్లి ఆవులు. ఏడాదికి చెరొక దూడ. తొమ్మిది నెలలు పెంచి కింది ఊరి సంతకి పంపడం. దూడని లారీ ఎక్కించే రోజున టొమెకిచికి ఏదో ఒక పని తగిలేది. ఎక్కువగా ఇంటి కప్పు బాగు చేసే పని. దూడని లారీదాకా నడిపించేది పెళ్ళాం కినో. పాతికేళ్ళు అలా గడిచేసరికి వాగింటి కప్పంత గట్టి కప్పు ఆ లోయలో ఇంకొకటి లేకుండా పోయింది.

ఇక ఎద్దు. దాన్ని ఎందుకు పెంచుతున్నావని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. కినో మాత్రం కింది ఊరి నుంచి వచ్చిన మనిషి కాబట్టి అడిగింది. తర్వాత పొరుగావిడతో అంది: "పాలివ్వదు, దూడనివ్వదు, ట్రాక్టరొచ్చాక దుక్కీ దున్నదు. పూటకో మోపు గడ్డి మాత్రం కావాలి. మా ఇంట్లో అలాంటివి రెండున్నాయి వదినా. ఒకదానికి కొమ్ములున్నాయి, అంతే తేడా."

ఎద్దు ఉండేది పోట్లాటకి. మే నుంచి నవంబరు దాకా నెలకొక ఆదివారం కొండ మీది మట్టిబరిలో రెండేసి ఎద్దుల్ని తలలు కలిపి వదులుతారు. చుట్టూ పది పన్నెండు మంది "యొషితా! యొషితా!" అని అరిచి వాటిని రెచ్చగొడుతూ తిరుగుతారు. అవి కొమ్ములు మెలేసి, ఒకదాన్నొకటి నెట్టి, ఇక ఏదో ఒకటి లొంగుతుందనగా బరిపెద్ద చెయ్యెత్తుతాడు. చెయ్యి లేవగానే తాడువాళ్ళు వెనక నుంచి చెరొక ఎద్దు వెనకకాలికి ఉచ్చు వేసి లాగుతారు. రెండింటినీ విడదీస్తారు. ఎవరూ గెలవరు. ఎవరూ ఓడరు. ఎద్దుల యజమానులిద్దరికీ చెరొక సీసా సాకె, అంటే బియ్యపు సారా, ఇచ్చి పంపిస్తారు.

ఒకసారి ఒక ప్రొఫెసరు టేప్ రికార్డరుతో వచ్చి మూడు రోజులుండి, ఇది కొండజనం శాంతితత్వమని రాసుకుని పోయాడు. తత్వం లేదు, తవుడూ లేదు. ఒకసారి తోక ముడిచిన ఎద్దు మళ్ళీ తల ఎత్తదు. దాన్ని మాంసానికి అమ్ముకోవాలి. ఓడించినవాడూ, అమ్ముకున్నవాడూ సోమవారం పొద్దున్న ఒకే కాలవ నుంచి పొలానికి నీళ్ళు పెట్టుకోవాలి. ఆ కాలవకి ఉన్నది ఒక్కటే తూము. సంగతి అంతే.

ఎవరూ గెలవరు కాబట్టి ఆ ఊళ్ళో ప్రతివాడూ గెలిచినవాడే. 'ఇంకో మూడు ఊపిర్లు ఆగుంటే' అనే మాట అక్కడ పుట్టినవాడికి పాలతోపాటు పడుతుంది. ఇంకో మూడు ఊపిర్లు ఆగుంటే మాదే, మాదే, మాదే. టొమెకిచి తండ్రి ఎద్దూ టొకుజి తండ్రి ఎద్దూ ఒక శరత్కాలంలో తలపడితే అప్పటి బరిపెద్ద చెయ్యెత్తాడు. ఆ చెయ్యి తొందరపడి లేచిందని ఇద్దరు తండ్రులూ చచ్చేదాకా అన్నారు. రెండు ఇళ్ళూ పెళ్ళిళ్ళలో, చావుల్లో, నాట్ల దగ్గర ఆ సంగతే మాట్లాడుకున్నాయి. టొమెకిచి తండ్రి మంచాన పడి ఆఖరి రోజున కొడుకు చెయ్యి పట్టుకుని, "ఇంకో మూడు ఊపిర్లు ఆగుంటే..." అన్నాడు. తను మాత్రం రెండే ఆగాడు.

టొమెకిచి తాడువాడు. ఆపేవాడని పేరు పెట్టినందుకు ఆ ఒక్క పనిలో పేరు నిలిచింది. ఎద్దు వెనక చేరి, అది గిట్ట ఎత్తిన అరక్షణంలో ఉచ్చు జారవిడిచి గిట్ట పైన బిగించడంలో అతని చెయ్యికి తిరుగు లేదు. ఇరవై ఆరేళ్ళలో రెండే రెండుసార్లు తప్పింది. రెండుసార్లూ తప్పు ఎద్దుదేనని అతను చెప్పేవాడు. ఎవరి ఎద్దుకి వాళ్ళు తాడు వెయ్యకూడదు. భయపడి ముందే వేస్తారు, లేకపోతే పౌరుషానికి పోయి ఆలస్యం చేస్తారు. అందుకని ఇంకొకరి చేతిలో తాడు పెట్టాలి.

ఆ ఏడు నవంబరు ఆఖరి పోట్లాటకి బరిపెద్ద సెన్నొసుకె వాగునీ కమ్మరినీ జత కట్టాడు. తండ్రుల తర్వాత ఆ రెండు ఇళ్ళూ బరిలో ఎదురుపడటం అదే మొదటిసారి. వాగుకి ఏడేళ్ళు, నల్లది. టొమెకిచి సొంత ఆవుకి పుట్టింది. లారీ ఎక్కించకుండా ఉంచుకున్న ఒకే ఒక్క దూడ. కమ్మరి ఎర్రది, ఎనిమిదేళ్ళది. దానికి టొకుజి తప్ప, టొకుజికి అది తప్ప ఇంకెవరూ లేరు. పెళ్ళాం పోయి నాలుగేళ్ళయింది. పొద్దస్తమానం ఎద్దుతోనే మాట్లాడతాడు. అది జవాబివ్వదు, ఆవిడా ఇచ్చేది కాదు, కాబట్టి పెద్ద తేడా తెలియలేదని అతనే అంటాడు.

పోట్లాటకి వారం ముందు గడ్డి కోసే గట్టు మీద ఇద్దరూ ఎదురుపడ్డారు.

"ఏరా టొమె, మీదాని మెడ సన్నబడిందేంటి? కినో నీకు పెట్టేదే దానికీ పెడతందా?"

"మీదానికి పొట్ట దిగింది. మొగాడి వంట తింటే అంతే."

"నా వంటకేంరా? సోయా గింజలు నానబెట్టి, ఉడకబెట్టి, చేత్తో నలిపి పెడతన్నా."

"మరి నువ్వేం తింటన్నావ్?"

"మిగిలితే అవే."

కాసేపు ఇద్దరూ గడ్డి కోశారు. టొకుజి కొడవలి తుడుచుకుంటూ, ఎటో చూస్తూ అన్నాడు. "నా ఎద్దు కాలికి తాడు నువ్వే వెయ్యి. బరి పెద్దయ్యకి చెప్పాను."

"పై వీధి కుర్రాళ్ళున్నారుగా?"

"వాళ్ళ చేతికి నేను కోడిని కూడా ఇవ్వను. నువ్వే వెయ్యి."

టొమెకిచి సరే అన్నాడు. అలా అడిగినవాడికి సరే అనడం తప్ప ఆ ఊళ్ళో ఇంకో జవాబు లేదు.

ఆదివారం మధ్యాహ్నం. వాన పడి తొమ్మిది రోజులైంది. బరిలో మట్టి గట్టిగా ఉంది. రెండు ఎద్దులూ తలలు ఆనించి, కొమ్ములు కిర్రుమనేలా మెలేసి, చాలాసేపు కదలకుండా నిలబడ్డాయి. చూసేవాళ్ళకి అవి ఊరికే నిలబడినట్టు ఉంటుంది. టొమెకిచి నిలబడిన చోటి నుంచి కమ్మరి వెనకతొడలు వణకడం కనిపిస్తోంది. తర్వాత వాగు నెట్టింది. కమ్మరి ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకొక అడుగు. గిట్టలు జారి మట్టిలో చాళ్ళు పడ్డాయి. ఎద్దు చెవులు వెనక్కి వాలితే ఇంకా సత్తువ ఉన్నట్టు. తోక మొదలు పక్కకి తిరిగితే అయిపోయినట్టు. కమ్మరి తోక మొదలు తిరగబోతోంది.

సెన్నొసుకె చెయ్యెత్తాడు.

టొమెకిచి చేతిలో ఉచ్చు విచ్చుకుని ఉంది. కమ్మరి కుడికాలి గిట్ట లేచింది. వెయ్యడానికి అంతకంటే మంచి అదను రాదు. వాగు వెనక ఉన్న తాడువాడు ఉచ్చు వేసి, తాడు బిగించి, ఇటే చూస్తున్నాడు.

టొమెకిచి ఒక ఊపిరి పీల్చాడు. వదిలాడు.

రెండోది పీల్చాడు.

తాడు వెయ్యాలని అతనికి తెలుసు. చెయ్యికీ తెలుసు. అయినా అతను చూస్తున్నాడు. మూడోది పీల్చేసరికి కమ్మరి కొమ్ము విడిపించుకుని, గిర్రున తిరిగి, అరుచుకుంటూ బరి వాకిట్లోంచి పారిపోయింది.

చప్పట్లు కొట్టింది పట్నం నుంచి చూడ్డానికి వచ్చినవాళ్ళే. వాళ్ళకి ఎట్టకేలకి ఏదో ఒకటి అర్థమైంది. వాగు బరి మధ్యలో నిలబడి, కాలికి ఉన్న తాడు వైపు ఒకసారి, పోయిన ఎద్దు వైపు ఒకసారి చూసి, ఇప్పుడేం చెయ్యాలో తెలియనట్టు టొమెకిచి కోసం వెతికింది. టొమెకిచికీ తెలియదు. గెలిస్తే ఏం చెయ్యాలో ఆ ఊళ్ళో ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

టొకుజి పరుగెత్తలేదు. ఎద్దు పోయిన దారిలో నడిచి వెళ్ళాడు. అది ఎవరిదో ముల్లంగి మడిలో, వరిగడ్డి కుప్పకి మొహం ఆనించి నిలబడి ఉందట.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. సెన్నొసుకె అతన్ని పక్కకి పిలిచి నెమ్మదిగా అన్నాడు. "తాడు తడిసి బరువెక్కింది. అంతే. ఎవరడిగినా అదే చెప్పు."

"పెద్దయ్యా, వాన పడి తొమ్మిది రోజులైంది."

"అయితే చెమటకి తడిసింది."

సాయంత్రానికి ఊరంతా తాడు తడిసిందనే చెప్పుకుంది. దారిలో ఎదురైనవాళ్ళు, "పాపం, తాడు తడిసిందటగా," అని పలకరించారు. ఒకడైతే కొత్త తాడు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయాడు. ఇద్దరికీ రావలసిన రెండు సాకె సీసాలు ఎవరికీ ఇవ్వకుండా బరి గుడిసెలోనే ఉండిపోయాయి.

కినో అన్నం వడ్డిస్తూ అడిగింది. "గెలిచావటగా?"

"ఊఁ."

"ఎలా ఉంది?"

టొమెకిచి గిన్నెలోని పులుసు తాగి, గిన్నె కింద పెట్టాడు. "పులుసా?"

"గెలుపయ్యా."

"ఉప్పు లేదు," అన్నాడు. దేనికి అన్నాడో ఆమె అడగలేదు.

మర్నాడు కాలవ దగ్గర తెలిసింది. కమ్మరి కొట్టంలోంచి బయటికి రావడం లేదు. కాకి అరిచినా ఉలిక్కిపడుతోంది. తొట్టి దగ్గర కూడా గోడకే మొహం పెట్టి నిలబడుతోంది. మాంసం బేరగాడు గురువారం వస్తానని కబురు పెట్టాడు. అలాంటి సంగతులు వాళ్ళకి ఎవరు చేరవేస్తారో తెలియదు. ఈగలకి ఎవరు చేరవేస్తారు?

మంగళవారం పొద్దున్న టొమెకిచి లోయ దాటి కమ్మరింటికి వెళ్ళాడు. టొకుజి కొట్టం గడప మీద కూర్చుని చేత్తో గింజలు నలుపుతున్నాడు. లోపల ఎర్ర ఎద్దు వీపు మాత్రం కనిపిస్తోంది.

"తాడు తడిసిందట కదరా," అన్నాడు టొకుజి తల ఎత్తకుండా.

"తడవలేదు."

"పెద్దయ్య చెప్పాడే."

"తడవలేదు. చెయ్యెత్తాక మూడు ఊపిర్లు ఆగాను. కావాలనే."

టొకుజి గింజలు నలపడం ఆపాడు. "మూడా? నేను నాలుగు లెక్కపెట్టాను."

"మూడే."

"నీవి పెద్ద ఊపిర్లు. నాకప్పుడు ఊపిరి సరిగా ఆడలేదులే." మళ్ళీ నలపసాగాడు. "ఎందుకురా?"

"మా నాన్న కోసం."

"మీ నాన్న చచ్చి పద్దెనిమిదేళ్ళు."

"అవును."

"మరి తేలిందా? ఆ రోజు మీ నాన్న ఎద్దే గెలిచేదా?"

టొమెకిచి ఆలోచించాడు. రెండు రోజులుగా అన్నీ ఆలోచించాడు గానీ ఆ ఒక్కటీ ఆలోచించలేదు. "లేదు. ఏమీ తేల్లేదు. అవి వేరే ఎద్దులు."

"ఆ మాత్రం ముందు తెలీదూ? గొడ్డువా నువ్వు? గొడ్డుకైనా తెలుసు కదరా!" అని టొకుజి గింజల గిన్నె విసిరేశాడు. లోపల ఎద్దు బెదిరి గోడని గుద్దుకుంది. టొకుజి వెంటనే లేచి దాని దగ్గరికి పోయి, "నిన్ను కాదురా, నిన్ను కాదు. ఈ వెధవని," అని మెడ నిమిరాడు. చాలాసేపు నిమిరాడు. తర్వాత వచ్చి, నేల మీద పడిన గింజలు ఒక్కొక్కటీ ఏరసాగాడు. టొమెకిచి కూడా కూర్చుని ఏరాడు.

"బేరగాడికి ఇవ్వకు," అన్నాడు టొమెకిచి.

"ఉంచుకుని? దీన్ని చూస్తా కూర్చోమంటావా? బరి ఎక్కని ఎద్దుకి చలికాలమంతా మేత ఎక్కడి నుంచి తేను? నాకు అరవై."

"నాకిచ్చెయ్. నాది నువ్వు తీసుకో."

టొకుజి ఏరడం ఆపి అతని మొహంలోకి చూశాడు. "జాలా?"

"జాలి కాదు. నాది నీ కొట్టంలోకొస్తే దాని పేరేంటి?"

"కమ్మరి."

"ఇది నా కొట్టంలోకొస్తే?"

టొకుజి పెదాలు కదిపి లెక్క చూసుకున్నాడు. "అంటే... ఆదివారం గెలిచింది కమ్మరి. తోక ముడిచింది వాగు."

"పదేళ్ళు పోతే ఊళ్ళో చెప్పుకునేది అదే. రంగు ఎవడికి గుర్తుంటుంది?"

"పెద్దయ్యకి గుర్తుంటుంది."

"పెద్దయ్యకి ఎనభై నాలుగు."

టొకుజి ఒక గింజ ఊది నోట్లో వేసుకుని నమిలాడు. "తాడు మాత్రం మళ్ళీ నీ చేతికివ్వను. చచ్చేదాకా ఇవ్వను."

"నేనడగలేదు."

బుధవారం పట్టపగలు టొమెకిచి నల్ల ఎద్దు ముక్కుతాడు పట్టుకుని లోయలోకి దిగాడు. ఆ రోజు అతను ఇంటి కప్పెక్కలేదు. కినో గుమ్మంలో నిలబడి చూసింది. వెళ్ళేటప్పుడు ఎద్దు అతని కంటే ముందు నడిచింది. మళ్ళీ బరికే పోతున్నాననుకుంది. కమ్మరి కొట్టంలో తాడు కట్టి వెనక్కి తిరిగితే అది ఒక్కసారి అరిచింది. అతను ఆగలేదు. వచ్చేటప్పుడు ఎర్ర ఎద్దుతో అరకోసు దారికి సాయంత్రం దాకా పట్టింది. వంతెన దగ్గర నీళ్ళ చప్పుడుకి ఒకసారి, ఎండబెట్టిన దుప్పటికి ఒకసారి, ఊరి చివర రెండు కోళ్ళకి ఒకసారి అది ఆగిపోయింది. ఆగినప్పుడల్లా అతనూ ఆగాడు. పొలాల్లో పని చేసేవాళ్ళు అతన్ని చూసి, గబగబా వంగి లేని పని వెతుక్కున్నారు.

గురువారం బేరగాడు తిన్నగా వాగింటికే వచ్చాడు. "ఓడిన ఎద్దు మీ ఇంటికొచ్చిందట కదండీ?"

"నువ్వెళ్ళు," అన్నాడు టొమెకిచి.

"మంచి కండ ఉండగానే ఇస్తే మీకే మేలండీ. భయానికి చిక్కిపోతాయి ఇవి. పదిహేను రోజులు పోతే తోలూ ఎముకే."

"అప్పుడు నీకు పనికిరాదుగా? పద."

బేరగాడు కినో వైపు తిరిగాడు. ఇళ్ళల్లో మాట ఎవరి దగ్గర తెగుతుందో వాళ్ళకి తెలుసు. కినో ఎర్ర ఎద్దుని కిందనుంచి పైదాకా చూసింది. "మాకు పనికిమాలినవాటిని మేపడం అలవాటే బాబూ," అంది.

నెల తిరక్కుండా మంచు పడింది. చెక్కగోడ అవతల ఎర్ర ఎద్దు రెండు ఆవుల మధ్య నిలబడి, మొదట గోడకీ, తర్వాత పక్క ఆవు మెడకీ మొహం ఆనించడం నేర్చుకుంది. అందరూ బేరగాడు చెప్పినట్టే చిక్కిపోతుందనుకున్నారు. అది తినడం మొదలుపెట్టింది. నల్లది తిన్నదానికి ఒకటిన్నర రెట్లు తిన్నది.

మంచు మోకాలు దాటిన మర్నాడు టొకుజి వచ్చాడు, మంచుబూట్లు కట్టుకుని, చంకలో మూట పెట్టుకుని. తిన్నగా కొట్టంలోకి పోయి, మూట విప్పి, నలిపిన సోయా గింజలు ఎర్రదానికి పెట్టాడు. "ఇంత ముతగ్గా కోస్తారంట్రా గడ్డి? గొంతులో గుచ్చుకోదూ?" అన్నాడు, ఎద్దుతో. మర్నాడూ వచ్చాడు. మూడో రోజు టొమెకిచి ఇంట్లో లేడు. అతను కమ్మరింటికి పోయి నల్లదాని గిట్టలు చూస్తున్నాడు. వచ్చేటప్పుడు ఇద్దరూ వంతెన మీద ఎదురై, ఒకరికొకరు దారి ఇచ్చుకుని పోయారు.

జనవరి వచ్చింది. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి వాగింట్లో ఉన్నారు. కినో టీ పోసి ఊరబెట్టిన ఆకుకూర ముందు పెట్టింది. కొట్టంలోంచి నెమరు చప్పుడు వస్తోంది.

"మీదానికి ఎడమగిట్ట కాస్త పెరిగింది," అన్నాడు టొమెకిచి.

"నాదాన్ని నేను చూసుకుంటా. మీదాని బొడ్డు కింద పుండు పడింది, చూశావా?"

"మందు రాశా."

"ఏం మందు?"

"నువ్వు రాసేదే."

కినో కెటిల్ పొయ్యి మీద పెట్టి ఇద్దరినీ చూసింది. "ఎద్దుల్ని మార్చుకునే బదులు మీరే ఇళ్ళు మారుంటే సరిపోయేది కదయ్యా. మంచులో ఈ నడకలైనా తప్పేవి."

టొకుజి ఆ మాట నిజంగానే ఆలోచించాడు. కూర ముక్క ఒకటి నోట్లో వేసుకుని నమిలి, తల అడ్డంగా ఊపాడు. "కుదర్దమ్మా. నువ్వు ఉప్పెక్కువేస్తావు."

"అయితే తినకు."

అతను ఇంకో ముక్క తీసుకున్నాడు.